ఇరవై మూడు సున్నపు బొట్లు

"ఇదేటమ్మా? నిన్నే అడుగుతన్నాను, ఇదేటి?"

జగన్నాధం రెండు వేళ్ళ మధ్య పట్టుకున్న చుట్టముక్కని తల్లి ముఖం ముందుకి తెచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బడికి బయల్దేరుతూ, సైకిలు కోసం పశువులశాలలోకి వెళ్ళాడు. గడ్డిమోపు వెనక దీన్ని ఏరుకుని వచ్చాడు. సైకిలు శాల గుమ్మంలో అడ్డంగా పడి ఉంది.

దాలమ్మ వసారాలో కూర్చుని చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. చేట ఆగింది. ముక్కని ఒక్కసారి చూసి మళ్ళీ చోళ్ళమీదికి కళ్ళు దించుకుంది.

"మాటాడవేటి? ఇరవై మూడు రోజులయినాది మా అమ్మ సుట్ట ఒగ్గేసి అని ఊరంతా సెప్పుకున్నాను. నలభై ఏళ్ళ అలవాటండీ అని హెడ్మాస్టరుగారికి సెప్పినాను. ఇదా ఒగ్గీడం? శాలలో దూరి దొంగసాటుగా తాగడమా?"

"నెమ్మదిరా. ఈదంతా ఇంటాది."

"ఇననీ!"

"నాను తాగనేదురా బాబూ."

"మరెవరు తాగినారు? ఆవు తాగినాదా?"

నవ్వు రావలసిన మాటే. ఎవరూ నవ్వలేదు. వంటింటి గుమ్మంలో కోడలు పద్మకుమారి గరిటెతో సహా నిలబడిపోయింది. వసారా చివర స్తంభానికి ఆనుకుని గోగునార తాడు పేనుతున్న సూరయ్య తల ఎత్తలేదు.

గోదావరికి అవతలనుంచి ఈ కథ చదివేవాళ్ళు నమ్మరు గాని, శ్రీకాకుళం పల్లెల్లో ఆడవాళ్ళు చుట్టని అడ్డపొగ తాగుతారు. నిప్పున్న కొన నోట్లో, ఉత్త కొన బయట. అలా తాగిన ముక్కకి కాలిన కొస తడిసి మెత్తబడి ఉంటుంది, బయటి కొస చుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. పంటిగాటు ఉండదు. జగన్నాధం చేతిలో ఉన్న ముక్క అలాంటిది కాదు. కాలిన కొస పొడిగా ఉండి బూడిద రాలుస్తోంది. రెండో కొస నమిలి నమిలి చీలికలైంది. ఆ నమలడంలో కూడా ఒక పక్క నలగకుండా మిగిలిపోయింది. కొరికినవాడికి ఎడమవైపు కోరపన్ను లేదు.

పదిమందికి పాఠాలు చెప్పే జగన్నాధానికి ఆ ముక్క చదవడం రాదు. దాలమ్మకి అక్షరం ముక్క రాదు గాని, దాన్ని ఒక్క చూపులో చదివేసింది.

ఆమె కళ్ళెత్తి మొగుడి వైపు చూసింది. సూరయ్యకి ఎడమవైపు కోరపన్ను ఊడి నాలుగేళ్ళయింది.

తాడు పేనుతున్న చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

"నాన్నని సూడు!" అన్నాడు జగన్నాధం. "నువ్వు ఒగ్గేసిన దినమే నానూ ఒగ్గేస్తానన్నాడు. అరసవల్లి ఎల్లి సూర్యనారాయణమూర్తి ముందు మాటిచ్చి వచ్చినాడు. మరి ముట్టుకున్నాడా? మగోడంటే అదీ. ఆ నర్సమ్మ వారం వారం వచ్చి నీకు బతిమాలి సెప్పాల. ఆయనకి ఎవరేనా సెప్పినారా?"

ఇప్పుడు చెబుతాడు, అనుకుంది దాలమ్మ. ఈ మాట విన్నాక మనిషన్నవాడు ఊరుకోలేడు. అతని వైపే చూసింది.

సూరయ్య తాడుకి ముడి వేశాడు. గొంతు సవరించుకున్నాడు. "బడికి ఏళయిపోతాదిరా," అన్నాడు.

అంతే అన్నాడు.

ఒక్క మాట అంటే చాలు, 'ఆ గాటు ఎవరిదో సూడరా' అంటే చాలు, తన పరువు తనకి వచ్చేస్తుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కాని తను మంచిదాన్నని అనిపించుకోడానికి ముప్ఫై ఆరేళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి కొడుకు ముందు దోషిగా నిలబెట్టాలా? ఛీ. ఆ బతుకు దాలమ్మకి అక్కర్లేదు. చెప్పుకుంటే ఆయన చెప్పుకోవాలి.

ఆ మౌనాన్ని జగన్నాధం ఒప్పుకోలు అనుకున్నాడు.

"పెద్దమ్మ ఏటయినాదో మర్సిపోనావా? తవిటమ్మ పెద్దమ్మకి అంగుట్లో పుండయి, గంజి కూడా దిగక, అలా సూస్తూ సూస్తూ పోనాది. నీకు కూడా అంగుట్లో మచ్చ ఉన్నాదని డాక్టరు సెప్పినాడు. ఒగ్గేస్తే మానిపోవచ్చు, నేకపోతే పెద్దమ్మ దారే అని సెప్పినాడు. నీకు సావాలని ఉంటే సావు. నాకు మాత్రం అబద్ధం సెప్పకు!"

అని, వంటింటి గుమ్మం పక్క గోడ దగ్గరికి వెళ్ళాడు. ఎర్రమట్టి అలికిన ఆ గోడమీద వరసగా ఇరవై మూడు తెల్లటి సున్నపు బొట్లు ఉన్నాయి. చుట్ట లేకుండా గడిచిన ఒక్కో రోజుకి ఒక్కో బొట్టు. పద్మకుమారి రెండో చేతిలో ఉన్న తడిగుడ్డ లాక్కున్నాడు.

"అయ్యో, వద్దండీ! అత్తయ్య పెట్టుకున్నవి..."

తుడిచేశాడు. మూడు విసుర్లలో ఇరవై మూడు రోజులూ పోయాయి. గోడమీద తెల్లటి మరక మిగిలింది. చుట్టముక్కని తల్లి చేటలో, చోళ్ళమీద పడేసి, సైకిలు లేవదీసుకుని వెళ్ళిపోయాడు.

సైకిలు వీధి మలుపు తిరిగింది. తర్వాత సూరయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "మడికి నీరు కట్టాల," అని గోడకి చెప్పి, పార పట్టుకుని వెళ్ళిపోయాడు.

దాలమ్మ ఆ ముక్కని తీసి కొంగున ముడి వేసుకుంది. మళ్ళీ చోళ్ళు చెరగడం మొదలుపెట్టింది. గాలికి పొట్టుతో పాటు గింజలు కూడా ఎగిరి కింద పడుతున్నా ఆమెకి తెలియలేదు.

"అత్తయ్యా, అంబలి తాగండి," అంది పద్మకుమారి.

"నువ్వూ నమ్మినావేటే?"

పద్మకుమారి జవాబు చెప్పడానికి కాస్త ఆలస్యం చేసింది. ఆ కాస్త ఆలస్యమే దాలమ్మకి చాలు. లేచి, పెరట్లోకి నడిచింది.

దడి అవతల పక్కింటి నారాయణమ్మ అంట్లు తోముతోంది. ఆమె నోట్లో అడ్డపొగ చుట్ట. పెదాలు విప్పకుండా మాట్లాడటం ఈ ఊరి ఆడవాళ్ళు పుట్టుకతో నేర్చిన విద్య.

"ఒదినా, ఒక పొగాకు ఇయ్యి."

నారాయణమ్మ నోట్లోంచి చుట్ట తీసి మరీ చూసింది. "ఒగ్గేసినావన్నారు కదే?"

"తాగినానని మా ఓడు తేల్చేసినాడు. తాగకండా ఏల పడాల ఆ మాట?"

"అదీ నిజమే," అంది నారాయణమ్మ సంతోషంగా. తోడు దొరికిన సంతోషం అది. పెద్ద ఆకు చూసి దడిమీంచి అందించింది. దాంతో పాటు అగ్గిపెట్టె కూడా ఇచ్చింది.

దాలమ్మ నూతిగట్టు మీద కూర్చుంది. ఆకుని తొడమీద పరిచి, ఈనె తీసి, తడి చేతితో నిమిరింది. చేతులు ఏమీ మరిచిపోలేదు. దాలమ్మ చుట్టిన చుట్ట సమంగా కాలుతుందని, సగంలో ఆరిపోదని, పెళ్ళిళ్ళకి కూడా అడిగి చుట్టించుకునేవాళ్ళు. కొసలో దారం కట్టి పైకెత్తి చూసుకుంది. చక్కగా, గట్టిగా, వేలెడు పొడుగున ఉంది. నోట్లో నీళ్ళూరాయి. అగ్గిపుల్ల తీసింది.

"దాలమ్మగారూ, ఉన్నారా?"

మంగళవారం. మిషను ఆసుపత్రి నర్సమ్మ జ్ఞానసుందరి వచ్చే రోజు. గొడుగు ముడుచుకుంటూ పెరటి గుమ్మంలో నిలబడింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. తెల్ల చీర, చేతిలో గుడ్డసంచి, కోటబొమ్మాళి స్టేషను నుంచి నడిచి వచ్చిన ధూళి పాదాలు.

దాలమ్మ చుట్టని దాచలేదు. దాచే మనిషే అయితే ఇంత గొడవ ఉండేది కాదు. చేతిలో అలాగే పట్టుకుని సూటిగా చూసింది. తిట్టు, అన్నట్టుగా చూసింది.

జ్ఞానసుందరి తిట్టలేదు. వచ్చి, నూతిగట్టు మీద పక్కనే కూర్చుంది. చుట్టని చూసింది, అగ్గిపుల్లని చూసింది.

"ఇది ఏడోదా అమ్మా?" అంది.

దాలమ్మ తల ఊపింది.

రెండు నెలల కిందట జీపులో వచ్చిన పెద్ద డాక్టర్లు ఊళ్ళో ఆడవాళ్ళందరినీ నిలబెట్టి నోళ్ళు తెరిపించి, టార్చి వేసి చూసి, 'మానకపోతే చస్తారు' అని కసిరి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే ఆడవాళ్ళందరూ పంతానికి ఒకటి ఎక్కువే తాగారు. దాలమ్మ రెండు తాగింది. వారం తర్వాత ఈ జ్ఞానసుందరి ఒక్కతే వచ్చింది. మానమని అనలేదు. చాప వేయించుకుని కూర్చుని, 'మీకు అడ్డపొగ ఎవరు నేర్పారమ్మా?' అని అడిగింది.

ఆ మాట దాలమ్మని ఎవరూ ఏనాడూ అడగలేదు. చెప్పుకుంటూ పోయింది. పదకొండేళ్ళ వయసులో ఉడుపుల్లోకి, అంటే వరినాట్లలోకి, దిగడం, మోకాలి లోతు బురదలో, కుండపోత వానలో వణుకుతుంటే అమ్మ తన నోట్లోని చుట్ట తీసి, తిప్పి, దాలమ్మ నోట్లో పెట్టడం. వానకి ఆరదు, గాలికి రాలదు, రెండు చేతులూ నారుకే ఉంటాయి, నోరు వెచ్చగా ఉంటుంది. అది చెడ్డ పనని ఎవరన్నారు? అమ్మ పెట్టింది.

విని విని జ్ఞానసుందరి, 'మరి ఇప్పుడు రోజుకి ఎన్ని? ఏవేళ ఏది?' అంది. ఇద్దరూ కూర్చుని లెక్క తీశారు. నిద్ర లేచి ఒకటి. అంబలి తాగి ఒకటి. పొలం గట్టున ఒకటి. అన్నం తిని ఒకటి. పాలు పితికాక ఒకటి. పొద్దుగూకి ఒకటి. ఇవి ఆరు. ఏడోదానికి వేళ లేదు. కోపం వస్తే తాగేది.

ఆరింటికీ ఆరు దారులు వెతికారు. ఒక దానికి బుగ్గన కరక్కాయ ముక్క. ఒక దానికి నాలుగు లవంగాలు. ప్రాణం లాగేసినప్పుడు నూతిలో రెండు చేదలు నీళ్ళు తోడడం. 'ఆ యావ నిలిచేది అంతసేపేనమ్మా, రెండు చేదలు తోడేంత సేపు. మీరు తోడెయ్యండి, అదే పోతుంది' అని చెప్పింది జ్ఞానసుందరి. దాలమ్మ నమ్మలేదు. తోడి చూసింది. పోయింది. ఆశ్చర్యపోయింది. ఏడోదాని గురించి మాత్రం నర్సమ్మ అప్పుడే చెప్పింది, 'అది మిమ్మల్ని వెతుక్కుంటూ ఒక రోజు వస్తుంది. ఆ రోజు నేనుంటే బాగుండును' అని.

"వచ్చినాది తల్లీ," అంది దాలమ్మ ఇప్పుడు. "నువ్వు సెప్పినట్టే వచ్చినాది."

జరిగింది చెప్పింది. కొడుకు మాటలు చెప్పింది, తుడిచేసిన బొట్లు చెప్పింది. ముక్క ఎవరిదో చెప్పలేదు.

"వద్దని నేననను. నోరు మీది, చుట్ట మీది," అంది జ్ఞానసుందరి అంతా విని. "కాని వెలిగించేముందు ఒక్కసారి నోరు తెరవండి. మంగళవారం కదా, నా పని నేను చేసుకోవాలి."

సంచిలోంచి టార్చి, చేతి అద్దం తీసింది. దాలమ్మ నోరు తెరిచింది. జ్ఞానసుందరి చాలాసేపు చూసింది. తర్వాత ఏమీ అనకుండా అద్దాన్ని దాలమ్మ చేతికిచ్చి, వెలుతురు వేసి పట్టుకుంది.

మొదటి రోజు చూసినప్పుడు అంగుట్లో తెల్లగా మందంగా మచ్చ, దానిమీద ఎర్రటి చుక్కలు ఉన్నాయి. దాలమ్మకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఆ మచ్చ అంచులు పలచబడ్డాయి. చుక్కలు తగ్గాయి. పక్కన లేత గులాబిరంగులో కొత్త చర్మం కనిపిస్తోంది.

"పెద్ద డాక్టరుగారు చూసి చెప్పాలమ్మా, మాట నేనివ్వలేను. కాని నా కంటికి ఇది తగ్గుతోంది. ఈ ఇరవై మూడు రోజుల్లో నిప్పు తగిలిన నోరు కాదు ఇది. గోడమీద బొట్లు ఎవరైనా తుడవగలరు. ఇది ఎవరు తుడుస్తారు?"

దాలమ్మ అద్దం దించలేదు. ఒకసారి మూసి, మళ్ళీ తెరిచి చూసుకుంది. యాభై ఏళ్ళు దాటిన మనిషి, అంగుడు చూసుకుని మురిసిపోయే మనిషి, లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో. మురిసిపోయింది. ఇది తను చేసింది. దేవుడు కాదు, మందు కాదు, మొగుడూ కొడుకూ కాదు. తను, తన రెండు చేదల నీళ్ళూ.

"ఉండు," అని చుట్టని గట్టుమీద పెట్టి లేచింది. చేద నూతిలోకి వదిలింది. రెండు తోడింది. ఆగి ఆలోచించింది. మరి రెండు తోడింది. ఇంకొకటి తోడింది. కోపం చుట్టకి మామూలు లెక్క చాలలేదు. ఐదో చేదకి చీర సగం తడిసిపోయి, ఆయాసపడుతూ వచ్చి కూర్చుంది.

"పోనాదా?" అంది జ్ఞానసుందరి, ఆమె మాటలోనే.

"పోనాది," అంది దాలమ్మ. ఇద్దరూ నవ్వారు.

నవ్వు తగ్గాక దాలమ్మ కొంగు పిండుకుంటుంటే ముడిలోంచి ముక్క జారి కింద పడింది. జ్ఞానసుందరి దాన్ని తీసి అటూ ఇటూ తిప్పింది. నాలుగేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళ నోళ్ళు చూస్తున్న మనిషి.

"ఇది నేరుగా తాగింది," అంది నెమ్మదిగా. "సూరయ్యగారిదా?"

"ఊరుకో తల్లీ. ఇనపడతాది."

"ఆయన ఏమీ అనలేదా పొద్దున్న?"

దాలమ్మ పెదాలు బిగించింది. "తాడు పేనుకున్నాడు. ఆ తాడుతోనే..." అని మాట మింగేసింది. "ముప్ఫై ఆరేళ్ళు! నాను ఈ ఇంట్లో ఆయన మాట కింద పడనీనేదు. నా మాట ఆయన నిలబెట్టనేదు. దేవుడి ముందు మాటిచ్చొచ్చిన పెద్దమనిషి!"

జ్ఞానసుందరి ముక్కని గట్టుమీద పెట్టింది. "అమ్మా, ప్రతి మంగళవారం నేనొచ్చి మిమ్మల్ని అడుగుతున్నాను. ఏ పూట కష్టమైంది, ఎన్నిసార్లు మనసు లాగింది అని. ఆయన్ని ఎవరైనా అడిగారా?"

"ఆయనకేటి? ఒక్క దినంలో ఒగ్గేసినాడు కదా."

"అదే. ఒక్కరోజులో మానేశాడని అందరం పొగిడాం. మీ అబ్బాయి పొగిడాడు, ఊరు పొగిడింది, నేనూ పొగిడి ఊరుకున్నాను. ఆయనదీ నలభై ఏళ్ళ అలవాటే. అంత పొగిడినవాళ్ళ దగ్గరికి వచ్చి, నా వల్ల కావడం లేదు అని ఎలా చెప్పుకుంటాడు? తప్పు నాది కూడా. నేను ఆయన కోసం చాప వేయించలేదు."

దాలమ్మ తడి కొంగు దులుపుకుంది. కోపం పూర్తిగా పోలేదు. కాని శాలలో గడ్డిమోపు వెనక వంగి కూర్చుని, ఎవరొస్తారో అని చెవులు రిక్కించి, గబగబా పొగ లాగుతున్న అరవై ఏళ్ళ మనిషి కళ్ళముందు కనిపించాడు. పాపం అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే విసుగొచ్చింది.

"వచ్చే మంగళవారం ఆయనతో మాట్లాడతాను," అంది జ్ఞానసుందరి లేస్తూ.

"మంగళారం దాకా ఏలమ్మా?" అంది దాలమ్మ. "ఎలా అడగాలో నాకు ఎరికే కదా."

పొద్దు వాలే వేళకి సూరయ్య మడినుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని వసారాలోకి వచ్చి, ఆగిపోయాడు. చాప వేసి ఉంది. నర్సమ్మ వస్తే వేసే చాప. చాపకి ఒక పక్క దాలమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా రెండు వస్తువులు ఉన్నాయి. పొద్దుటి ముక్క, ఇవాళ చుట్టి వెలిగించని చుట్ట. పద్మకుమారిని ఏదో పని చెప్పి నారాయణమ్మ ఇంటికి పంపేసింది.

"కూకో మావా."

"ఏటిది?"

"కూకో. నానేటీ అనను."

సూరయ్య చాప కొసన, లేచిపోడానికి వీలుగా కూర్చున్నాడు.

"దినానికి ఎన్ని?" అంది దాలమ్మ.

"ఏటెన్ని?"

"సుట్టలు మావా. తిట్టడానికి కాదు. ఎన్నో సెప్పు."

సూరయ్య స్తంభం వైపు చూశాడు, చూరు వైపు చూశాడు. "ఒకటి," అన్నాడు. దాలమ్మ ఊరుకుంది. నర్సమ్మ దగ్గర నేర్చుకున్నదాంట్లో అన్నిటికంటే కష్టమైనది ఇదే, ఊరుకోవడం. కాసేపయ్యాక సూరయ్యే, "మూడు," అన్నాడు.

"ఏయే ఏళ?"

"పాలు పితక్కముందు శాలలో. మజ్జాన్నం మడి గట్టున. మరొకటి... ఎప్పుడో." ఉన్నట్టుండి రోషం వచ్చింది అతనికి. "నువ్వు నర్సమ్మవైపోనావేటే? నన్ను లెక్కలడుగుతన్నావు!"

"అయిపోనాను," అంది దాలమ్మ తొణక్కుండా. "ఇరవై మూడు దినాలు నిప్పు నేకండా ఉన్నదాన్ని. నీకు సెప్పడానికి నాకంటే ఎవులున్నారీ ఊర్లో?"

ఆ గర్వం సూరయ్యకి కొత్త. ఈ మనిషి తనతో ఎన్నడూ ఇలా మాట్లాడలేదు. అయినా ఆ మాటలో వెక్కిరింపు లేదు. భుజాలు కిందికి జారాయి.

"ఎనిమిది దినాలు ఉన్నాను దాలీ," అన్నాడు మెల్లగా. "ఒట్టు. ఎనిమిది దినాలు ముట్టుకోనేదు. తొమ్మిదో దినం సంతకెల్తే ప్రతి ఓడూ సెయ్యి పట్టుకుని శభాష్ సూరయ్యా అన్నాడు. ఇంటికొచ్చీసరికి సేతులొణికినాయి. ఒక్కటే అనుకున్నాను."

"నాకేల సెప్పనేదు?"

"ఎలా సెప్పేదే? నువ్వు పొద్దున్నే గోడకి బొట్టెట్టుకుని నన్ను సూసి నవ్వుతావు."

దాలమ్మ ముందుకి జరిగింది. "మరి ఈ పొద్దున్న? ఆడు నన్ను అన్నన్ని మాటలంటే?"

సూరయ్య ముఖం తిప్పుకున్నాడు. "ఆడు నన్ను దేవుణ్ణి సేసీసినాడు. ఆడి కళ్ళలోకి సూసి సెప్పనేకపోనాను. ఆడికి నువ్వు సెప్పీ దాలీ. నాను కాదనను. తల వొంచుకుని కూకుంటాను."

"నాను సెప్పను."

"దాలీ..."

"నా నోట్లో నిప్పు నానే తీసుకున్నాను మావా. నీ నోట్లో మాట నువ్వే తియ్యాల."

సైకిలు గంట వినిపించింది. సూరయ్య చప్పున ముక్కనీ చుట్టనీ తీసి గుప్పిట్లో దాచుకున్నాడు.

జగన్నాధం ముఖం పొద్దుటి ముఖం కాదు, వెలిగిపోతోంది. సైకిలు స్టాండు వేయకుండానే లోపలికి వచ్చాడు.

"నాన్నా! ఆదివారం మన బళ్ళో పెద్ద మీటింగు. పెద్ద డాక్టరుగారు వస్తన్నారు. సుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళందరినీ పిలుస్తన్నారు. పొగ మానినోళ్ళని వేదికమీద కూకోబెట్టి దండేస్తారు. ఒక్క దినంలో మానినోడు జిల్లాలో మా నాన్నొక్కడే అని హెడ్మాస్టరుగారికి సెప్పినాను. నువ్వే మొదట మాటాడాల. ఎలా ఒగ్గేసినావో అందరికీ సెప్పాల."

సూరయ్య గుప్పిలి ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

జగన్నాధం తల్లివైపు చూడకుండా గొంతు తగ్గించాడు. "అమ్మ సంగతి ఎవులికీ సెప్పనేదు. ఆదివారం ఆవిడ ఇంటికాడే ఉంటాది."

దాలమ్మ లేచింది. తమలపాకుల పళ్ళెంలోంచి సున్నపుకాయ తీసుకుంది. తండ్రీకొడుకులకి వీపు పెట్టి, వంటింటి గుమ్మం పక్క గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. వేలు సున్నంలో ముంచి, పొద్దుటి మరక పక్కన, శుభ్రంగా ఉన్న చోట, మొదటి బొట్టు పెట్టింది.

"మళ్ళీ ఏటమ్మా ఆ బొట్లు?" అన్నాడు జగన్నాధం.

"నావి. నాను పెట్టుకుంటన్నాను. ఒకటి."

"ఎవుల్ని మోసం సెయ్యడానికి?"

"రెండు," అంది దాలమ్మ. "మూడు."

ఒక్కో బొట్టూ గుండ్రంగా, ఒకే ఎడంతో పడుతోంది. నాలుగోది అంబలి తాగాక పొగ కోసం గిలగిల్లాడిన రోజు. తొమ్మిదోది ఉడుపుల్లో వానలో తడిసి, చుట్టూ అందరి నోళ్ళలో నిప్పు వెలుగుతుంటే తను కరక్కాయ నమిలిన రోజు. ఏ రోజు ఏ బొట్టో ఆమెకి తెలుసు. పదమూడు, పద్నాలుగు. జగన్నాధం లోపలికి పోబోయి నిలబడ్డాడు. ఆ లెక్కలో ఏదో అతన్ని పట్టి ఆపింది.

ఇరవై. ఇరవై ఒకటి.

చాప చప్పుడైంది. సూరయ్య లేచినట్టున్నాడు. లేచి బయటికి పోతాడా, మళ్ళీ మడికి నీరు కడతాడా? దాలమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగి చూస్తే బతిమాలినట్టవుతుంది. ఇరవై రెండు.

ఇరవై మూడో బొట్టుకి వేలు సున్నంలో ముంచి పైకెత్తింది.

"ఒరే జగ్గా," అన్నాడు సూరయ్య. గొంతు బొంగురుగా, తనది కానట్టుగా ఉంది. "ఇటు రా. పొద్దున్న శాలలో నువ్వు ఏరిన ముక్క ఇదిగో, నా గుప్పిట్లో ఉన్నాది. ఇది సేత్తో పట్టుకుని సరిగ్గా సూడు."

దాలమ్మ వేలు గోడ ముందు అలాగే ఆగిపోయింది. సున్నపు చుక్క ఒకటి జారి కింద పడింది.